ఆరు టైర్ల లెక్క

ఉదయం 9:40. కురవి రోడ్డు కల్వర్టు కింద తెల్ల కారు తలకిందులై పడి ఉంది. స్టీరింగ్ మీదే డ్రైవర్ మంగ్యా ప్రాణం పోయింది. ముప్పై నాలుగేళ్లు.

కారులో ఇంకెవరూ లేరు. నిండు గర్భిణి సత్తమ్మను మానుకోట దవాఖానలో దించి, ఖాళీగా తండాకు తిరిగొస్తున్నాడు. ఆమె అప్పటికే దిగిపోయింది. ఆ రోజుకు దొరికిన దయ అంతే అనుకున్నాడు ఎస్సై సంజీవ.

2011. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, ఇరవై తొమ్మిదో రోజు. బస్సుల్లేవు. నాలుగు తండాలకు మంగ్యా కారే దిక్కు.

ముందు ఎడమ టైరు పేలింది. కానిస్టేబుల్ పంచనామాలో అప్పుడే రాసేశాడు: "టైరు కొత్తది. గ్రిప్పు బాగా ఉన్నది. అతివేగమే కారణం."

సంజీవ మోకాళ్ల మీద కూర్చున్నాడు. గ్రిప్పు నిజంగానే లోతుగా ఉంది. కానీ గోరుతో నొక్కితే రబ్బరు ఎండిన బెరడులా పెచ్చులూడింది. టైరు లోపలి వైపు ఓ ఎర్ర మరక. పెట్రోలుతో ఎవరో తుడిచినా పూర్తిగా పోలేదు.

11:15. దామోదర్ టైర్ల దుకాణం. షట్టర్ సగం దించి ఉంది. ముందు యాభై మంది. మధ్యలో మంగ్యా తమ్ముడు కల్యాణ్. తండాలో ఉద్యమ కుర్రాళ్లకు పెద్ద.

"గీ దామోదరే సెడిపోయిన టైరు అంటగట్టి మా అన్నను సంపిండు సార్! గీ దుకాణం తగలబెడ్తం!"

"నాలుగు గంటల దాక ఆగు. గప్పటికి ఎవరు సంపిండ్రో నేను జెప్త."

లోపల దామోదర్ సంజీవకు స్టూలు జరిపాడు.

"నేనమ్మలే సార్. మంగ్యాకు నేనమ్మింది నిరుడొక్క టైరే. అరిగింది గని, ఇంకో రెండు నెలలు నడుస్తుండె."

"మరి పేలిన టైరు మీద ఎర్ర మరకేంది?"

"రాస్తారోకోల కాల్చనీకె టైర్లు అడుగుతరు గద సార్. గట్ల ఇచ్చే టైర్లకు ఎర్రరంగు గుర్తేస్త. మొన్న ఆరు ఇచ్చిన. కల్యాణే వచ్చి తీస్కపోయిండు. అమ్మే టైరుకు గుర్తేసుకుంటనా?"

1:30. రాస్తారోకో జరిగిన చౌరస్తా. టైరు కాలితే రబ్బరు పోతుంది, అంచుల్లోని ఇనుప తీగ చుట్లు రెండు మిగులుతాయి. సంజీవ కర్రతో బూడిద కెలికాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. పన్నెండు.

2:20. తండా. మంగ్యా భార్య నీలి గడప మీద కూర్చుని ఉంది.

"టైరు ఎవరు తెచ్చిండ్రమ్మా?"

"కల్యాణే. దామోదర్ కాడ కొన్న అన్నడు. తనే ఎక్కించిండు. పాతది తీస్కపోయిండు."

3:30. స్టేషన్. నీలి, దామోదర్, కల్యాణ్. మధ్యలో పేలిన టైరు.

"కొన్నవా కల్యాణ్?"

"కొన్న సార్."

"అన్న పాత టైరు ఏమైంది?"

"రాస్తారోకోల కాల్చినం."

"దామోదర్ ఎన్నిచ్చిండు?"

"ఆరు."

"అన్నీ కాల్చినరా?"

"ఆఁ. ఒక్కటి మిగల్లె."

"ఆరు, మీ అన్నది ఒకటి. ఏడు. ఏడింటికి పద్నాలుగు తీగ చుట్లుండాలె. బూడిదల పన్నెండే ఉన్నయి. ఆరే కాలినయి బిడ్డా. దామోదర్ ఇచ్చిన టైర్లల్ల ఒకటి మంటల వడలే. గది గిదే."

కల్యాణ్ గోడకు ఆనుకున్నాడు.

"గసుంటి గ్రిప్పు ఉన్న టైరును కాల్చుడేందనుకున్న సార్. అన్న, మా భియా, అరిగిన టైరు మీద పేషెంట్లను తిప్పుతుండె. మార్చమంటే 'దవాఖాన దాక పొయ్యొచ్చే బండికి గిది సాలు' అంటుండె. ఆరు లెక్క తక్కువ వడొద్దని భియా పాత టైరు మంటలేసిన. ఉద్యమం టైరు ఎత్కపోయిండంటే ఇజ్జత్ పోతదని కొన్న అన్న."

"గుర్తు నువ్వే తుడిచినవా?"

కల్యాణ్ తలూపాడు.

"గంత మంచి టైరు కాల్చనీకె ఎందుకిచ్చిండని అడిగినవా?"

"లే సార్."

సంజీవ టైరు పక్క గోడ మీద వేలు పెట్టాడు. అక్కడ నాలుగంకెలు. 0802.

"రెండువేల రెండు, ఎనిమిదో వారంల తయారైంది. తొమ్మిదేండ్లు ఏదో బండి వెనక స్టెప్నీగ పడున్నది. తిరగలే, గందుకే గ్రిప్పు అరగలే. రబ్బరు ఎప్పుడో సచ్చిపోయింది. అందరు గ్రిప్పే సూస్తరు. నా కానిస్టేబుల్ గూడ గంతే."

కల్యాణ్ మెల్లగా దామోదర్ వైపు తిరిగాడు.

"పాత టైరే ఉంచితే మా భియా బతుకుతుండెనా అన్నా?"

పొద్దున తన దుకాణం తగలబెడతానన్న కుర్రాణ్ని దామోదర్ ఓ క్షణం చూశాడు.

"లే తమ్మీ. గది గింతకన్న అధ్వానం. ఇయ్యాలో రేపో గదీ పేలుతుండె."

ఆ పాత టైరు ఇంకో రెండు నెలలు నడిచేదని పొద్దున దామోదరే చెప్పిన మాట సంజీవ పైకి అనలేదు. కాగితం మీదా పెట్టలేదు. పంచనామా తెరిచి 'అతివేగమే కారణం' కొట్టేశాడు. తను చేయగలిగింది అదొక్కటే.

నీలి లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది. కల్యాణ్ వైపు చూడకుండా అతని పక్కనుంచే బయటికి నడిచింది.

నాలుగైంది. గేటు బయట కుర్రాళ్లు కేకేస్తున్నారు.

"కల్యాణన్నా, జల్ది రా! కాల్చనీకె ఇంకో నాలుగు టైర్లు దొరికినయ్!"