నూకయ్య తిథి

"ఈ నార ఉప్పునీటికి ఆగుతుందా?"

రాజాం సంతలో గోగునార బేరగాడి వేషంలో ఉన్న కమాండర్ జగన్నాధం అడిగాడు. తాడు పేనుతున్న అప్పలస్వామి తలెత్తలేదు.

"మనిసే ఆగనేదు. నారేటి ఆగుద్ది?"

కోడ్ సరిపోయింది.

1968. మూడేళ్ల కిందటి యుద్ధంలో నేవీ డైవర్లు అప్పలస్వామి, నూకయ్య రహస్యంగా శత్రువు రేవులోకి ఈదారు. అప్పలస్వామి ఒక్కడే తిరిగొచ్చాడు. మిషన్ బయటపడకూడదని రికార్డుల్లో అతన్ని పారిపోయినవాడని రాశారు. ఊరూ అదే అంటోంది. నూకయ్య చచ్చిపోయాడని రాశారు. చావలేదు. ఆ రేవులోనే కూలీ వేషంలో మన ఏజెంటుగా ఉన్నాడు.

"ఆ రేవులో మన మనిషి ఉన్నాడని ఫారిన్ ముఠాకి అనుమానం వచ్చింది. పద్మకుమారిని పంపుతోంది. డబుల్ ఏజెంట్. నూకయ్య భార్యనంటూ వస్తుంది."

"గుర్తేటి?"

"రోజుకో మొహం. ఇంకో చిక్కు. అసలు భార్య మరిడమ్మ కూడా నీకోసం బారువ నుంచి బయల్దేరింది."

"ఆయమ్మని నానెప్పుడూ సూణ్నేదు బాబూ!"

"నోరు జారితే నూకయ్యకి ఉరి."

మధ్యాహ్నం బస్సులో ఒకామె దిగింది. తెల్లచీర, బోసి నుదురు. ఏడుస్తున్నా అందం దాగలేదు.

"అన్నా, మా ఇంటాయనకి శ్రీకూర్మంలో పిండం పెట్టాల."

అప్పలస్వామి గుండె చెరువైంది. 'బతికే ఉన్నాడమ్మా' అన్న మాట నాలుక చివరికొచ్చింది.

"ఎప్పుడు పోయినాడు? తేదీ సెప్పన్నా. గంట కూడా."

నాలుక ఆగిపోయింది. పిండానికి గంటెందుకు? ఈ నేల మీద ఏ ఇల్లాలైనా అమాసా, పున్నమా అని అడుగుతుంది. తేదీ, గంట కావలసింది శత్రువు రేవు కాపలా పుస్తకంతో సరిచూసుకోడానికి.

"తేదీ ఏలమ్మా? తిథి సాలదా?"

చేతిసంచిలోంచి పిస్టల్ లేచింది. ట్రిగ్గర్ మీద వేలు బిగిసేలోపు అతని చేతిలోని తాడు ఉచ్చై ఆమె మణికట్టును లాగేసింది. గుండు నార మోపులో దిగింది. సంచిలో బుల్లి టేప్ రికార్డర్ ఇంకా తిరుగుతోంది.

మఫ్టీ పోలీసులు ఆమెను జీపెక్కించారు.

"వెల్‌డన్," అన్నాడు కమాండర్. "రికార్డుల్లో మాత్రం నువ్వింకా పారిపోయినవాడివే."

సాయంత్రం బస్సులో ఇంకొకామె దిగింది. మాసిన చీర, నుదుట పావలా కాసంత బొట్టు.

"ఒరే పారిపోయొచ్చినోడా! నాను మరిడమ్మని. పీనుగుని సూడనేదని ఈ బొట్టు ఉంచుకున్నాను. ఊరి నోరు పడలేకపోతన్నాను. మా ఇంటాయన పోయింది అమాసకా, పున్నమికా? సెప్పు, ఇక్కడే తుడిసేస్తాను."

కమాండర్ గట్టిగా దగ్గాడు.

అప్పలస్వామి తాడు కింద పెట్టాడు. "తిథి నాకు తెలీదమ్మా. బొట్టు మాత్రం తుడవకు."

మరిడమ్మ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. నుదుటి దాకా వెళ్లిన చెయ్యి దిగిపోయింది.

అధికార రహస్యాల చట్టం కిందికి బొట్టు వస్తుందో రాదో కమాండర్‌కీ తెలియలేదు. ఏమీ విననట్టు గోగునార బేరం మొదలెట్టాడు.