ఏ రోగమూ లేని వ్యాను

ఆ మాట వినగానే ఆమె చేతిలోని వ్యాను తాళాలు జారి కింద పడ్డాయి.

“గేర్‌బాక్స్ అయిపోయింది. అడుగున రేకు తుప్పు పట్టింది. పిల్లల్ని ఎక్కించకండి సార్,” అన్నాడు మెకానిక్, వ్యాను కొనడానికి వచ్చిన పెద్దమనిషితో.

పద్నాలుగేళ్ల పాత వ్యాను అది. ఎనిమిది సీట్లు. ఆమె అక్కలిద్దరి పెళ్లిళ్లయ్యాక ఇంత బండి ఎందుకని నాన్న అమ్మకానికి పెట్టాడు. పెద్దమనిషి పిల్లలు నలుగురూ అప్పుడే సీట్లు పంచేసుకున్నారు. పక్కకు జరిగే తలుపును పదిసార్లు తీసి వేశారు. పాత బండి గురించి ఎవరడిగినా ఉన్నదున్నట్టు చెప్తాడని మెకానిక్‌కు పేరు. అందుకే బేరానికి అందరూ అతని షెడ్డుకు వచ్చారు. ఈ ఇంజను మనకంటే ఎక్కువ కాలం బతుకుతుందని అతను ఆమెతో అన్నది నిన్నగాక మొన్ననే.

పిల్లలు మొహాలు వేలాడేసుకుని దిగి, తండ్రి వెంట వెళ్లిపోయారు. నాన్నకు చెమటలు పట్టాయి. ఇన్నాళ్లూ నానమ్మను ఇందులోనా తిప్పామంటూ అక్కడికక్కడే తుక్కు కొట్టుకు ఫోన్ చేశాడు.

గంటలో లారీ వచ్చింది. గొలుసు తగిలించబోతుంటే మెకానిక్ వెళ్లి అడ్డంగా నిలబడ్డాడు.

“ఆపండి. బండికి ఏ రోగమూ లేదు. అబద్ధం చెప్పాను.”

“నువ్వా?” అన్నాడు నాన్న.

“అమ్మేస్తే మీ అమ్మాయి ఇక ఇటు రారు కదండీ.”

లారీ డ్రైవర్ గొలుసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ముందు ఆ పెద్దమనిషికి నిజం చెప్పమన్నాడు నాన్న. మెకానిక్ ఫోన్ చేసి, అవతల తిట్టినన్ని తిట్లూ నిలబడి తిన్నాడు. వాళ్లు బండి కోసం వెనక్కి వస్తున్నారని చెప్పి తల వంచుకున్నాడు. ఇకమీదట తన మాట ఎవరు నమ్ముతారన్నాడు.

ఆమె కింద పడ్డ తాళాలు తీసుకుని ముందుకు వచ్చింది.

“మీరొక్కరేనా? మూడేళ్లుగా ఈ బండి ఏ చప్పుడూ చెయ్యలేదు. చేస్తోందని చెప్పి నెలనెలా తెచ్చింది నేనే.”

బండి కింద దూరి లేని చప్పుడు కోసం గంటలు గంటలు వెతికిన మనిషి నోరు తెరిచి ఆమె వైపే చూస్తున్నాడు.

నాన్న ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “బంగారం లాంటి బండిని ఇద్దరూ కలిసి రోగిష్టిదాన్ని చేశారు కదే,” అన్నాడు కూతురితో. తర్వాత మెకానిక్ వైపు తిరిగాడు.

“ఆదివారం మీ అమ్మావాళ్లను మా ఇంటికి తీసుకురా. ఎలా వస్తారో మీ ఇష్టం. పంపడానికి మా దగ్గర బండి ఉండదు.”