వేడెక్కిన యాంప్లిఫైయర్

అతను ఆ పాత యాంప్లిఫైయర్‌ను మూడోసారి మోసుకొచ్చి బల్ల మీద పెట్టేసరికి రిపేరు షాపు అమ్మాయికి ఒళ్ళు మండింది.

అది అతని తాతయ్యది. చూపు మందగించాక ఆ పెద్దాయనకు పాటలే కాలక్షేపం. కాలిపోయిన ట్రాన్సిస్టర్లు ఇప్పుడు ఎక్కడా దొరకవు. ఆమె కొత్తరకానివి వేసి, రోజంతా పాడించి చూసి మరీ ఇచ్చింది. ఇంట్లో పెడితే పెనంలా కాలుతోందంటూ అతను తిరిగి తెచ్చాడు. షాపులో మాత్రం చల్లగా పాడింది. ఇప్పుడు మళ్ళీ అదే మాట.

పైగా ఈ లెక్కల మాస్టారు పెట్టె కంటే తననే ఎక్కువ చూస్తున్నాడని ఆమె ఎప్పుడో కనిపెట్టింది.

"నన్ను చూడాలనుంటే రండి మాస్టారూ. నా పనికి మాత్రం వంకలు పెట్టకండి," అనేసింది.

అతని మొహం చిన్నబోయింది. బయట వాన. రెయిన్‌కోటు విప్పి పెట్టెకు కప్పి, దాన్ని ఎత్తుకుని తాను తడుస్తూ వెళ్ళిపోయాడు.

వారం దాటినా రాలేదు. వంకలు పెట్టే మనిషయితే ఈపాటికి వచ్చేవాడు కదా అని ఆమెకు గుచ్చుకుంది. ఆదివారం పొద్దున్నే, కరెంటు అలలను తెర మీద చూపే ఆసిలోస్కోపు సంచిలో పెట్టుకుని, అతను రాసిచ్చిన చిరునామాకు వెళ్ళింది.

తలుపు తాతయ్య తీశాడు. కాలిపోతుందన్న భయంతో మనవడు పెట్టె ముట్టుకోనివ్వడం లేదనీ, ఇల్లు మూగబోయిందనీ చెప్పాడు. ఆమె స్విచ్ వేసి, ఐదు నిమిషాలాగి చెయ్యి ఆనించి, చటుక్కున వెనక్కి తీసుకుంది. పాటేమీ లేకుండానే స్కోపు తెర మీద అలలు దట్టంగా పరుగెడుతున్నాయి. చెవికి అందనంత సన్నటి కేక అది. కొత్త ట్రాన్సిస్టర్లు పాతవాటికంటే చురుకైనవి. ఇక్కడ స్పీకర్ వైర్లు రెండు గదులు దాటి వెళ్ళాయి. అంత పొడుగు వైరు తగిలిస్తే ఆ ట్రాన్సిస్టర్లు వాటంతటవే ఊగిపోయి వేడెక్కుతున్నాయి. షాపులో వైరు మూరెడే.

లోపల్నుంచి వచ్చిన మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"తప్పు నాదే," అంది ఆమె. "మీరు నిజమే చెప్పారు. నేనే నమ్మలేదు."

అతను టార్చి పట్టుకున్నాడు. ఆమె ఆ ఊపును అణిచే కందిగింజంత కెపాసిటర్‌ను సోల్డర్ చేసింది. అలలు పల్చబడ్డాయి కానీ పోలేదు. ఇంకాస్త పెద్దది వేశాక తెర మీద సన్నటి గీత మిగిలింది. గంటసేపు పాడినా పెట్టె గోరువెచ్చగానే ఉంది. తాతయ్య కుర్చీలో వెనక్కి వాలి, వేళ్ళతో తాళం వేస్తున్నాడు.

ఇక దీన్ని మోసుకురానక్కర్లేదంటూ ఆమె సంచి సర్దుకుంది.

"ఆరోజు మీరన్నదాంట్లో సగం నిజం," అన్నాడతను నెమ్మదిగా. "పెట్టె వేడెక్కడం అబద్ధం కాదు. కానీ మీ షాపుకి మోస్తుంటే నాకెప్పుడూ బరువనిపించలేదు."

ఆమె తల వంచుకుని, బిగించిన స్క్రూనే మళ్ళీ బిగించింది.

"పాట కాస్త తగ్గించరా," అన్నాడు తాతయ్య. "అమ్మాయి ఏమంటుందో నాకూ వినపడాలి."

ఆమెకు నవ్వాగలేదు.

"రేపు ఆరింటికి షాపు మూసేస్తాను," అంది మాస్టారి వైపు చూసి. "చేతులూపుకుంటూ రండి."