గొట్టం చివర వేడిగాలి

నాగవల్లికీ నాకూ మొదటి పరిచయం తగువుతోనే మొదలైంది.

సుంగై పెటాని ఊళ్ళో ట్రైనింగ్ సెంటర్ మెట్ల మీద, ఫోన్‌లో నానమ్మతో మాట్లాడుతూ, హెల్మెట్ పెట్టడానికి ఎవరిదో గొడుగు పక్కకి తోశాను. అది జారి కాలువలో పడింది.

"అది నా గొడుగు," అంది వెనక నుంచి ఒక అమ్మాయి, తెలుగులో. తాతల కాలంలో ఈ దేశానికి వలసొచ్చిన తెలుగు కుటుంబాలు మావి; మా వయసు వాళ్ళం తెలుగు అర్థమైనా తమిళంలోనే జవాబిస్తాం. తెలుగులో తిట్టించుకోవడం నాకదే మొదలు.

"సారీ లా," అన్నాను ఇక్కడి వాడుకలో.

"సారీ అంటే గొడుగు ఆరిపోద్దేటి?"

"ఆరబెట్టే మిషన్ల గురించే గదా నేర్సుకోడానికి వచ్చినాం."

ఆమె నవ్వలేదు. ఆ రోజంతా వాన కూడా ఆగలేదు.

మా ఫ్యాక్టరీలో నేను పనిచేసే లైను మూసేశారు. ఇరవై ఆరేళ్ళకి మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాను. ఊళ్ళో ఏ వీధి చూసినా డోబీ షాపులే, మిషన్లతో బట్టలుతికి ఆరబెట్టే లాండ్రీలు. బట్టలారబెట్టే డ్రయర్ నుంచి వేడిగాలి గొట్టంలోంచి బయటికి పోవాలి. బట్టల నూగు గొట్టంలో పేరుకుంటే గాలి ఆగిపోతుంది, ఒక్కోసారి మంటలు లేస్తాయి. ఆ గొట్టాలు శుభ్రం చేసే టెక్నీషియన్‌గా సర్టిఫికెట్ ఇచ్చే ఆరు వారాల కోర్సు అది. చివర్లో ఇద్దరిద్దరుగా నిజం షాపులో పని చేసి, షీటు నింపి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒకరు తప్పు చేస్తే ఇద్దరూ ఫెయిల్.

దేవరాజన్ సార్ నన్నూ నాగవల్లినీ ఒక జంటగా వేశారు. ఆయనకి అందులో ఏ ఉద్దేశమూ లేదు. నాకు మాత్రం రెండో వారానికే వచ్చేసింది.

ఆమెకో అలవాటు ఉండేది. గాలి మీటరు పెట్టకముందే గొట్టం చివర అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, రీడింగ్ ఎంతో చెప్పేది. దాదాపు సరిపోయేది.

"జాతకం కూడా సెప్తావేటి?" అని ఏడిపించాను ఒకసారి.

"మా నాన్న అలవాటు," అని వానకేసి చూసింది.

నేనేం అడగలేదు. అడగాల్సినప్పుడు అడగకపోవడం నా జబ్బు. రోజూ మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర రోటీ చనాయ్ పరాటాలు తిన్నాం. తన ఊరు బటాంగ్ బెర్జుంటై అనీ, ఇక్కడ పిన్ని ఇంట్లో ఉంటోందనీ, ఇంటి దగ్గర అమ్మ ఒక్కతే అనీ చెప్పింది. నాన్న మాట ఎత్తలేదు. అయినా ఆ అమ్మాయి లేని రోజు నాకు అన్నం సయించేది కాదు.

పరీక్షకి షాపు మేమే వెతుక్కోవచ్చన్నారు. మా అమ్మ వసంతి నడిపే డోబీ ఉందిగా, అక్కడే చేద్దామన్నాను. నాగవల్లిని మా వాళ్ళకి చూపించుకోవాలన్న ఆశ నాది.

షాపు వెనక సందులో, గొట్టం బయటికొచ్చేచోట గాలికి తెరుచుకునే మూత ఉంటుంది. ఎదురుగా ఇంకో డోబీ కొత్తగా తెరిచారు. వాళ్ళ దిష్టి తగలకూడదని మా నానమ్మ నరసమ్మ ఎర్రగుడ్డలో కొబ్బరికాయ మూటకట్టి, ఆ మూత మీదే వేలాడదీసింది. ఏడాది తిరిగేదాకా ఎవరూ ముట్టకూడదంది. మూత సగమే తెరుచుకుంటోంది.

లోపల నాగవల్లి రాడ్డు బ్రష్షుతో నూగు లాగుతోంది. బయట పని నాది. మూట విప్పితే ముసలిది ఏడుస్తుంది, విప్పకపోతే ఫెయిల్. నేను మూతని వేలితో పైకెత్తి పట్టుకుని రీడింగ్ తీశాను. 'మూత పూర్తిగా తెరుచుకుంటోంది' అని రాసి సంతకం గీకాను.

నాగవల్లి నా మాట నమ్మి సంతకం పెట్టింది. సార్ షీటు అందుకోబోతుంటే, ఎందుకో చేతులు తుడుచుకుంటూ వెనక సందులోకి వెళ్ళింది. ఆమె వెనకే పరిగెత్తాను. కొబ్బరికాయ కింద అరచెయ్యి పెట్టి నిలబడి ఉంది.

"గాలి లేదు," అంది.

"నానమ్మ కట్టింది. తీస్తే బాదపడద్ది."

ఆమె చెయ్యి తీసేసింది. తర్వాత చాలా మెల్లగా చెప్పింది. "మా నాన్న హోటల్ డోబీలో పని సేసినాడు. గొట్టం బాగుందని ఎవుడో రాసి సంతకం ఎట్టినాడు. మంట లేసింది. నాన్న బయటికి రాలేదు. ఆ కాయితం మా ఇంట్లోనే ఉంది, తర్షన్. ఆ గీతలు ఎవుడి పేరో ఇప్పటికీ సదవలేకపోతన్నాను."

ఆమె తిన్నగా సార్ దగ్గరికి వెళ్ళి, షీటు తప్పని చెప్పి, తన సంతకం తనే కొట్టేసింది. ఇద్దరం ఫెయిలయ్యాం. మర్నాడే ఊరెళ్ళిపోయింది.

ఫెయిలైన రోజు సాయంత్రమే నానమ్మకి అంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ స్టూలేయించుకుని, మూట తనే విప్పింది.

"ముందే సెప్పుంటే నేనే తీసేద్దును గదరా. కొట్టుకి ఏటీ కాకూడదనే గదా కట్టినాను," అంది. మూట తెచ్చి ముందు గుమ్మానికి కట్టింది. నేను భయపడింది ఈ మనిషికా అని సిగ్గుతో చచ్చిపోయాను.

నాగవల్లికి ఎన్నో మెసేజ్‌లు పెట్టాను. చదివేది, జవాబిచ్చేది కాదు. మూడు నెలలు ఆకాశమూ నేనూ ఒకేలా ముసురు పట్టి ఉన్నాం.

ఫెయిలైనవాళ్ళకి మళ్ళీ పెట్టే పరీక్ష రోజున నాగవల్లి మా షాపు ముందు అదే పాత గొడుగుతో దిగింది. చిక్కిపోయింది. నాకేసి చూడలేదు. బయట పని ఎవరిదని సార్ అడిగారు.

"తర్షన్‌ది," అంది.

వేలు పెట్టకుండానే రీడింగ్ తీశాను. మూత పూర్తిగా తెరుచుకుంది. షీటు మీద ఈసారి గీతలు గియ్యలేదు. చిన్నపిల్లలు రాసినట్టు, ఒక్కో అక్షరం విడివిడిగా నా పేరు రాశాను. ఆమె ఆ పేరుకేసి చాలాసేపు చూసింది. అయినా సంతకం పెట్టకుండా లేచి వెనక సందులోకి నడిచింది. నేను గొడుగు పట్టుకుని వెంట వెళ్ళాను.

"నమ్మలేదా?" అన్నాను.

"సూడకుండా సంతకం ఎట్టను. ఇది నా పని."

"సూడు. ఎప్పుడూ నువ్వే సూడు. బతుకంతా నా ఎనక నిలబడి సూసినా నాకు రోసం లేదు, నాగవల్లీ. నువ్వంటే నాకు ప్రేమ."

వాన గొడుగు మీద గట్టిగా పడుతోంది. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోలేదు.

"మా ఇంటికి రా," అంది చివరికి. "ముందు ఆ కాయితం సూడాల. తరవాత అమ్మతో మాటాడు."

"వస్తాను."

అప్పుడు నా చెయ్యి పట్టుకుని, గొట్టం ముందు తన అరచెయ్యి పక్కనే పెట్టింది. తడి వేడిగాలి ఇద్దరి వేళ్ళ మధ్య నుంచి పోతోంది.

"ఎంతుందో సెప్పు."

ఏదో అంకె చెప్పాను.

"తప్పు," అంది నాగవల్లి. చెయ్యి మాత్రం వదల్లేదు.