నాలుగు రంగుల ముడి

సమ్మక్క అంట్లు తోమడానికి వచ్చేసరికి నూకరత్నం వరండాలో కూర్చుని కుడుతూనే ఉంది. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ. నాలుగు జాకెట్టు గుడ్డలు, ఒకదాని కింద ఒకటి.

"ఏంది రత్నమ్మా, పొద్దుగాలనే బొంత కుడుతున్నవా?"

"బొంత కాదు సమ్మక్కా, మా దేశం జెండా."

"మీ దేశం గిది కాదా?" అంది సమ్మక్క గట్టిగా. ఆ మాట వంటింట్లో ఉన్న అత్తగారు భారతమ్మ చెవిన పడింది. పడాలనే అంత గట్టిగా అందేమో, చెప్పలేం.

నూకరత్నం ముత్తాత విశాఖపట్నం రేవులో ఓడెక్కి, చెరకు నరకడానికి మోరిస్ దీవికి, అంటే మారిషస్‌కి, వెళ్లాడు. అక్కడే పుట్టి పెరిగిన ఈ పిల్ల ఎమ్మే చదవడానికి హైదరాబాదు వచ్చింది. క్యాంపస్‌లో లెక్చరర్ పార్థసారథిని ఇష్టపడి, ఏడాది కిందట తార్నాకలో ఈ ఇంటికి కోడలైంది. ఇవాళ, 1968 మార్చి పన్నెండున, మోరిస్‌కి స్వాతంత్ర్యం వస్తోంది. 'మిట్టమధ్యాహ్నం పన్నెండుకి తెల్లవాళ్ల జెండా దిగి మనది ఎక్కుతుంది. నువ్వెక్కడున్నా ఆ నిమిషానికే ఎగరెయ్యి' అని అన్నయ్య ఉత్తరం రాశాడు. అక్కడ పన్నెండంటే ఇక్కడ ఒంటిగంటన్నర.

డిసెంబరులో క్యాంపస్ హాస్టల్లో కెన్యా కుర్రాళ్లు తమ జెండా పండగ చేసుకుంటుంటే వెళ్లి చప్పట్లు కొట్టింది. వాళ్లు పాతికమంది. మోరిస్ నుంచి వచ్చింది తానొక్కతే. ఒక్కతైతే ఏం, తాడు లాగడానికి రెండు చేతులు చాలవా అనుకుంది.

భారతమ్మ చేతులు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చారు.

"ఎక్కడ ఎగరేస్తావు దాన్ని?"

"డాబా మీదండీ అత్తయ్యా. బట్టలారేసే వెదురుకి."

"డాబా అయినా నా ఇల్లేనమ్మా. ఆ పెరట్లో స్తంభం చూశావా? పోయిన మీ మామగారు నలభైరెండులో జెండా ఎగరేసి జైలుకెళ్లొచ్చిన మనిషి. ఈ ఇల్లు కట్టినప్పుడు ముగ్గు పోయకముందే ఆ స్తంభం పాతారు. ఈ ఇంటి మీద ఒక్క జెండాయే ఎగిరింది. ఇంకోటి ఎగరదు."

కాలేజీకి బయల్దేరుతున్న పార్థసారథి చెప్పుల్లో ఒక కాలు పెట్టి ఆగిపోయాడు. "పోనీ రత్నం, గదిలో గోడకి తగిలించుకోరాదూ?"

"గోడకి తగిలించడానికి అది క్యాలెండరా అండీ?"

అతను రెండో కాలు కూడా చెప్పులో దూర్చి వెళ్లిపోయాడు. తల్లికీ పెళ్లానికీ మధ్య నిలబడేంత ధైర్యం ఆ లెక్చరర్‌కి ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

"నువ్వు ఈ ఇంటి కోడలివా, ఆ దీవి పిల్లవా? ఏదో ఒకటి తేల్చుకో" అన్నారు భారతమ్మ.

నూకరత్నం సూది పక్కన పెట్టింది.

"రెండూనండీ. నలభైఏడు ఆగస్టు పదిహేనున మా తాత ఏం చేశాడో మీకెప్పుడూ చెప్పలేదు. ఇక్కడ స్వాతంత్ర్యం వచ్చిందని రేవులో విని, చెరకు కొట్టడం మానేసి, కూలీల గుడిసెల వరసలో మీ జెండా కట్టాడు. మూడు రంగులు, మధ్యన చక్రం అని చెప్పారట. అతను ఎప్పుడైనా చూశాడా ఏమన్నా? చక్రమంటే విష్ణుచక్రమే అనుకున్నాడు. చుట్టూ నిప్పుమంటలతో సహా కుట్టేశాడు. పాట రాదు. సింహాద్రప్పన్న భజన పాడాడు. మర్నాడు దొర పనిలోంచి తీసేశాడు. మాకే స్వాతంత్ర్యం లేని రోజున మీ జెండా ఎగరేశామత్తయ్యా. ఇవాళ మాకొస్తే మీరు కాదంటారా?"

భారతమ్మ లోపలికెళ్లి పోపు పెట్టారు. ఆ పోపు కాస్త మాడింది.

నూకరత్నం మిగతా కుట్టు పూర్తిచేసింది. ఒంటిగంట దాటాక డాబా ఎక్కి, వెదురుకి తాడు బిగించి, జెండా మడిచి కట్టింది. ఒకసారి లాగి చూసింది. విడలేదు. ఇంకోసారి లాగింది. ముడి ఇంకా బిగిసింది. గోళ్లతో పీకుతుంటే వేళ్లు మండాయి. గోడ గడియారం ఒంటిగంట ఇరవై చూపిస్తోందని సమ్మక్క కింది నుంచి కేకేసింది. ఎవరు కాదన్నా విప్పి తీరతానని నూకరత్నం పళ్లతో పట్టుకుంది.

"పళ్లు ఊడతాయి. అది మూటకట్టే ముడి, జెండా ముడి కాదు."

మెట్ల మీద ఆయాసపడుతూ భారతమ్మ. చేతిలో నందివర్ధనం పూలు.

"ఇలా తే. కిందికి పద."

"కిందికెందుకండీ?"

"ఈ వెదురుకి నా చీరలారేస్తారు. జెండా ఎగరేస్తారా దీనికి?"

పెరట్లో మామగారి స్తంభం దగ్గర ఆవిడ ముడి విప్పారు. పూలు మధ్యలో పోసి జెండాని మడిచారు. తాడుని రెండు మెలికలు తిప్పి, ఒక చివర వదులుగా వదిలారు. "ఇదుగో, చూసి నేర్చుకో. ఒక్క లాగుకి విడాలి. మీ మామగారు నేర్పింది నాకొక్కదానికే. నేను పోతే ఈ ముడి ఎవరు వేస్తారు?"

నూకరత్నానికి ఏడుపాగలేదు. "అత్తయ్యా..."

"ఏడుపు తర్వాత. టైమెంతే సమ్మక్కా?"

"ఒకటిన్నర అయితున్నదమ్మా!"

నూకరత్నం తాడు లాగింది. ఒక్క లాగుకే విడిపోయింది. నాలుగు రంగులూ తార్నాక ఎండలో విచ్చుకుని, తెల్లపూలు ఇద్దరి తలల మీదా రాలాయి.

"మీ పాట పాడు మరి."

"కొత్త పాటండీ. ఇంకా నాకు రాదు."

భారతమ్మ తల మీది పూలు దులుపుకున్నారు. "మీ తాతకీ మా పాట రాలేదుగా. అదే భజన అందుకో."

నూకరత్నం అందుకుంది. రెండో చరణం మధ్యలో ఏడుపొచ్చి ఆగిపోయింది. అప్పుడు భారతమ్మ చేతులతో తాళం వేస్తూ ఆ పాట తాను ఎత్తుకున్నారు. ఆవిడకి ఒక్క మాటా సరిగ్గా రాదు. అయినా ఆపకుండా చివరిదాకా పాడారు.