రెక్కలు లెక్కేసే డబ్బా

ఆ డబ్బా వచ్చిన రోజా? ఆ రోజు ఈదమ్మ కూతురి సమాధి చుట్టూ అడవినాభి దుంపలు పాతతా ఉండె. తొలకరికి ముందే పాతాల. దుంప నాగలి మాదిరి వంకరగా ఉంటాది, కొన విరిగిందా, ఇంక మొలవదు. తీగ చలికాలానికి ఎండిపోయినా దుంప భూమిలో నిద్రపోతాది, వానకి మళ్లీ లేస్తాది.

"మన పిల్ల మాదిరి కాదు, ఇది తిరిగొస్తాది" అన్నాడు మొగుడు బయ్యన్న, చెంబుతో నీళ్లు పోస్తా.

అప్పటికి కింద ఊర్లల్లో తేనెటీగ అనేదే లేదు. గుమ్మడి పువ్వుకి గూడా కూలోళ్లు కుంచెతో పుప్పొడి పూసే కాలం. ఈ గూడెంలో మాత్రం నాభి పూస్తే తేనెపిట్టలు, సీతాకోకలు, తేనెటీగలు దిగుతాయని విని అడవి ఆఫీసు నుంచి సుమేధ మేడం వచ్చింది. గుంజ పాతి డబ్బా కట్టింది.

"ఇదేం చేస్తాది తల్లీ?"

"రెక్కల చప్పుడు వింటుంది అవ్వా. ఈగది ఒక మోత, పిట్టది ఒక మోత. మనిషి అడుగులు కూడా వింటుంది. ఏముంటే అవి వస్తాయో, ఏముంటే రావో తేల్చి ఆఫీసుకి డేటా పంపుతుంది."

"దానికి కూడు?"

"ఎండే."

"మా ఆయన కన్నా నయం" అనింది ఈదమ్మ.

వాన పడింది. నాభి పూసింది, పచ్చగా విచ్చి ఎర్రగా మండింది. గూడెం కట్టుబాటు ఒకటుంది: తొలి పువ్వు మీద మనిషి నీడ పడగూడదు. పువ్వు ముందు రెక్కలోళ్లది. అందుకని పదకొండు ఇళ్లోళ్లు పిల్లాజెల్లాతో తొమ్మిదిరోజులు కొండెక్కి ఉండొచ్చినారు.

ఆ తొమ్మిదిరోజులే డబ్బాకి కొంప ముంచే లెక్కయింది. మనిషి లేడు, రెక్కలు నాలుగింతలు. మనుషులు ఉంటే పురుగూ పిట్టా రావని తేల్చేసింది. నెల తిరగకముందే గూడెం ఖాళీ చేయమని ఆర్డర్ వచ్చింది.

మేడం ఏడుస్తా వచ్చింది. "నేను చెప్పాను అవ్వా, ఆఫీసు వాళ్లు వినలేదు."

"మేము పోయింది పువ్వు కోసమేనని ఆ డబ్బాకి చెప్పు."

"అది వినేది చప్పుడే. ఎందుకు పోయారో దానికి తెలీదు."

బయ్యన్న నవ్వినాడు. "మర్యాదకి పక్కకి తప్పుకుంటిమి. పీడ పోయిందనుకునింది."

గూడెమోళ్లందర్నీ కింద రేకుల కాలనీలో పెట్టినారు. బయ్యన్న రోజూ పొద్దున్నే గొడ్డలి భుజానేసుకుని రోడ్డు దాకా పోయేవాడు, వెనక్కొచ్చేవాడు. "పిల్ల ఒక్కతే ఉందే ఆడ" అనేవాడు. రాన్రాను కూడు గూడా మానేసినాడు.

మరుసటేడు వానకి మేడం కాలనీకి వచ్చింది. గూడెంలో కంప నరికేవాళ్లు లేక తీగల్ని కంప కప్పేసింది, పందులు దుంపలు పెళ్లగించినాయి. డబ్బాలో రెక్కలు సున్నా.

"మీరు రావాలి తాతా. మీలాగా దుంప పాతడం ఎవరికీ రావడం లేదు. రేపు పొద్దున జీపు పంపుతా. పగలు పని చేసి సాయంత్రానికి తిరిగి రావాలి, ఉండటానికి మాత్రం పర్మిషన్ లేదు."

"మా ఇంటికి మేమే కూలోళ్లమా?" అనింది ఈదమ్మ.

"నోర్మూసుకోవే, పిల్లకాడికి పోతాండాం" అన్నాడు బయ్యన్న. ఆ సాయంత్రం తలకి పోసుకున్నాడు. రెండు ముద్దలు అడిగి తిన్నాడు. గొడ్డలి నూరుకుని గడప పక్కన పెట్టుకుని పండుకున్నాడు.

తెల్లారేసరికి బయ్యన్న పాణం పోయింది.