మూడో మలుపులో ఎర్ర నోళ్లు

దెయ్యమంటే భయంలేని తెలుగువాడు సింగపూర్ మొత్తానికి ఒక్కడే ఉన్నాడంటే వాడు నేనే. క్లెమెంటి ఫ్లాట్‌లో రాత్రిపూట బాత్రూమ్‌కి వెళ్లాలంటే రూమ్మేట్‌ని లేపేవాణ్నన్నది నిజమే గానీ, అది వేరే సంగతి. కబుర్లకి తోడు, అంతే.

అంతటివాణ్ని నేను కూడా ఆ మూడో మలుపు దగ్గర నోరు మూసుకునేవాణ్ని.

బూన్ లే దాటాక, ఫ్యాక్టరీల వెనక, అప్పట్లో ఒక మట్టి ట్రాక్ ఉండేది. రెండు వేల సంవత్సరం మాట. వారమంతా కోడు రాసి, శనివారం చీకటి పడగానే బైకులెక్కి ఒంటినిండా బురద పూసుకునే పిచ్చివాళ్లం ఓ పదిమందిమి చేరేవాళ్లం. మూడో మలుపులో దీపం పెడితే నిలిచేది కాదు. ముందు వెళ్లేవాడి వెనక అక్కడ ఎవరో ఎక్కి కూర్చుంటారని పేరు. ఉన్నట్టుండి బండి బరువెక్కుతుందట...

ట్రాక్ చూసుకునే మలయ్ పెద్దాయన హమీద్ అంకుల్ కొత్తవాళ్లని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, మాట చివర అక్కడివాళ్ల 'లా' తగిలించి ఒకటే చెప్పేవాడు — "థర్డ్ కార్నర్‌లో వెనక్కి చూడొద్దు లా. అక్కడ వేరేవాళ్లు ఉంటారు."

ఇక నా రూమ్మేట్ శశికాంత్. తెనాలివాడు. వాడికొక కడుపుమంట ఉండేది. దాని పేరు గోపీకృష్ణ.

ఇద్దరిదీ చాంగీలో ఒకే ఆఫీసు, పక్కపక్క సీట్లు. టీమ్ లీడ్ గోపీకి వచ్చింది. కొత్త బండి గోపీ కొన్నాడు. ఆఖరికి గోపీ పెట్టిన ఆవకాయ కూడా కుదిరింది. శశి ఒక ముక్క కొరికి, "ఉప్పెక్కువ" అని పెదవి విరిచి, సగం సీసా ఖాళీ చేశాడు.

ట్రాక్ మీదా అంతే. గోపీ మొదట, శశి తర్వాత. ప్రతి శనివారం.

ఈసారి గెలిచినవాణ్ని పక్కనే మలేషియాలో ఉన్న జోహోర్‌లో జరిగే పెద్ద పోటీకి పంపుతామన్నారు. ఒక్కణ్నే.

"ఒరే, ఇది కూడా వాడికే పోతే ఇక వాడి పక్కన కూర్చోలేనురా," అన్నాడు శశి.

"సీటు మార్చమని అడుగు."

"ఎవర్నడగాలి? టీమ్ లీడ్ వాడే!"

ఫోన్ కార్డు గీకి తెనాలికి చేశాడు. వాళ్లమ్మ క్షణంలో తేల్చేసింది. "దిష్టిరా నాన్నా. బూడిద గుమ్మడికాయలో కుంకుమ పోసి, దిగదుడుచుకుని, మూడు దార్లు కలిసేచోట పగలగొట్టు. వెనక్కి చూడకుండా వచ్చెయ్."

లిటిల్ ఇండియాలో కాయ దొరికింది. చోటే దొరకలేదు. చాక్లెట్ కాగితం పారేస్తేనే జరిమానా వేసే ఊళ్లో నడిరోడ్డు మీద గుమ్మడికాయ పగలగొడితే ఇంకేమన్నా ఉందా! ఆఖరికి తట్టింది. ట్రాక్‌ని తడిపే నీళ్ల లారీ వచ్చే బాట వచ్చి కలిసేది... మూడో మలుపులోనే.

వెలుతురుండగానే వెళ్లి, అంచున పగలగొట్టి, మెడ బిగించుకుని వచ్చేశాడు. వెనక్కి చూళ్లేదు.

పోటీ మొదలైంది. ఇక్కణ్నించి శశి చెప్పగా విన్నదే చెబుతున్నాను. నేనూ బండి తోలుతూనే ఉన్నాను గానీ, ఎప్పట్లాగే అందరికంటే వెనక. అక్కణ్నించి ఎగిరే బురద తప్ప ఏమీ కనబడదు.

ఆఖరి చుట్టు. శశి ముందున్నాడు! వెనక గోపీ బండి చప్పుడు... దగ్గరగా... ఇంకా దగ్గరగా... దాటనివ్వకూడదని శశి బండిని అంచుదాకా తిప్పాడు.

మూడో మలుపు. చీకటి.

బండి బరువెక్కింది.

వెనక్కి చూడకూడదు. కిందకి చూశాడు.

బండి లైటు వెలుగులో, మట్టిలో ఎర్రటి నోరు, తెరుచుకుని. పక్కనే ఇంకోటి. సరే... రెండు చిప్పలు, తన కాయవే.

వాటి పక్కన ఇంకో రెండు.

ఆ పక్కన... ఇంకో రెండు.

"నేను కొట్టింది ఒక్క కాయేరా," అని తర్వాత నా చెయ్యి పట్టుకుని గుసగుసగా చెప్పాడు. "అవి... పిల్లలు పెట్టాయిరా!"

ముందు చక్రం జారింది. బండి టైర్ల గోడలోకి, శశి బురదలోకి. చల్లగా, జిగటగా ఏదో మెడకి అంటుకుంది. తుడుచుకుంటే — చెయ్యంతా ఎరుపు.

"అమ్మా!"

వెనక బండి ఆగింది. గోపీ దిగి, శశిని లేవదీసి, చిప్పల వంక చూశాడు.

"అరవకు. అందులో ఒక కాయ నాది."

"నీకెందుకురా దిష్టి? అన్నీ నీకే ఉన్నాయిగా!"

"ప్రతివారం నా వీపు మీద ఎవడి కళ్లుంటాయో నాకు తెలీదా?" గోపీ గొణిగాడు. "అయినా ఏమున్నాయిరా నాకు? ఆఫీసులో అందరూ నిన్నే టీకి పిలుస్తారు. లీడ్ అయ్యాక నన్నొక్కడూ పిలవలేదు."

వాళ్లిలా తేల్చుకుంటూ ఉండగానే మిగతావాళ్లు దాటిపోయారు. జోహోర్ ఎవరో బ్యాంకు ఉద్యోగి వెళ్లాడు. వీళ్లిద్దరూ బురదలో కూర్చుని పగలబడి నవ్వారట.

నవ్వి నవ్వి... ఆగారు.

నీదొకటి. నాదొకటి. మరి మూడోది?

హమీద్ అంకుల్ టార్చి వేసి చూశాడు. కుంకుమ ఇంకా తడిగానే ఉంది. "చెప్పానా లేదా?" అని టార్చి ఆర్పేశాడు.

అప్పట్నించీ ఆ మలుపు పేరు మరీ చెడింది. అక్కడి దెయ్యం తెలుగుదేనని, దానికీ దిష్టి తగిలిందని అందరూ చెప్పుకున్నారు. శశి మాత్రం ఒకసారి అనుమానం వచ్చి నావైపు తిరిగాడు. "ఒరే, కొంపదీసి నువ్వా?"

నాకంటే ముందు గోపీయే అందుకున్నాడు. "ఎప్పుడూ ఆఖరున వచ్చేవాడికి ఎవడు దిష్టి పెడతాడ్రా!"

ముగ్గురం నవ్వాం. నేనే కాస్త గట్టిగా నవ్వాను.

మూడో కాయ నాదేనండీ. నన్ను చూసి కూడా ఎవరో ఒకరు కుళ్లుకుంటూ ఉంటారని... గట్టిగా నమ్మాను.